తలుపు తీయని నేతగాడు

అనగా అనగా, ఏ రాజూ గుర్రం దిగి చూడని ఒక చిన్న పల్లె. దాని పేరు రాళ్లవాగు. ఒకటే వీధి, ముప్పై గడపలు.

ఆ పల్లెకు ఒకనాడు భావనయ్య అనే నేతగాడు వచ్చాడు. అతని ఇల్లు ఏటి వరదలో పోయింది. ఇల్లాలు అంతకుముందే పోయింది. అన్నదమ్ముల దగ్గరకు వెళితే పెద్దవాడు చోటు లేదన్నాడు. నడిపివాడు తిండి లేదన్నాడు. చిన్నవాడు తాను ఊళ్లోనే లేనని చెప్పించాడు.

భావనయ్య మగ్గం విప్పి నెత్తిన పెట్టుకుని, కాళ్లు మోసినంత దూరం నడిచి రాళ్లవాగులో ఆగాడు. వీధి చివర పాడుబడ్డ గుడిసె ఒకటి ఉంటే అందులో చేరాడు.

"ఇక నేను ఒకరి గడప తొక్కను. నా గడప ఒకరిని తొక్కనివ్వను" అనుకున్నాడు.

కానీ నేత ఒంటి చేతి పని కాదు. నిలువు దారాలను పడుగు అంటారు. దుప్పటికి సరిపడే పడుగును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఆరేలోగా చిక్కులు తీయాలంటే పదిమంది కావాలి. భావనయ్యకు ఎవరున్నారు? గుడిసెలో పట్టినంత పడుగే వేసేవాడు. దాంతో తువ్వాళ్లే వచ్చేవి. నాలుగు కోసుల దూరంలోని సంతకు వాటిని మోసుకెళ్లి, సగం ఇచ్చి నూలు తెచ్చుకునేవాడు, సగం ఇచ్చి జొన్నలు తెచ్చుకునేవాడు. ఆ జొన్నలు మళ్లీ సంత దాకా వచ్చేవి కావు.

మాట్లాడే పని లేక అతని గొంతు తుప్పు పట్టింది. ఒకనాడు గుడిసెలోకి వచ్చిన పిల్లిని అదిలించబోతే మాట పెగల్లేదు. పిల్లి కాసేపు అతని మొహం చూసి, తనంతట తానే వెళ్లిపోయింది.

ఒక మధ్యాహ్నం తలుపు అవతల కర్ర చప్పుడైంది.

"నాయనా, ఉన్నావా?" అంది ఒక ముసలి గొంతు.

భావనయ్య దారాల మధ్య అటూ ఇటూ ఆడిస్తున్న నాడె ఆపేశాడు. కుండలో ఒక్కరికి చాలీచాలని గంజి ఉంది. 'ఆకలని వచ్చిందేమో, ఏం పెట్టను?' అనుకుని పలకలేదు. కర్ర చప్పుడు మెల్లగా దూరమైంది.

వానలు పట్టాక మళ్లీ వచ్చింది.

"నాయనా, వీధి ఆ చివర ఉండే నాంచారవ్వను. ఒక్క మాట చెప్పి పోతాను."

భావనయ్య ఒంటిమీద పంచె చిరిగి ఉంది. ఊరికి బట్ట నేసేవాడు చిరుగు పంచెతో ఎలా ఎదురుపడతాడు? సిగ్గుపడి పలకలేదు.

చలికాలంలో మూడోసారి వచ్చింది. ఈసారి పిలవలేదు. గడప మీద ఎండ పడుతుంటే అక్కడే కూర్చుంది. తలుపు సందులోంచి ఆమె ఆయాసం వినబడుతోంది. భావనయ్య లోపల ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి ఆమె లేచి వెళ్లిపోయింది.

పది రోజులు గడిచాయి. ఒక ఉదయం గొర్రెల కాపరి బీరప్ప వచ్చి తలుపు బాదాడు.

"అన్నా, తలుపు తియ్యి! నాంచారవ్వ చనిపోయింది. ఊరంతా జాతరకు పోయింది. పాడె మోయడానికి నేనూ, కుమ్మరి ఓబయ్యా, కావలి తాతా ముగ్గురమే ఉన్నాం. నాలుగో భుజం కావాలి. కప్పడానికి ఒక కొత్త గుడ్డ కూడా కావాలి."

భావనయ్య తలుపు తీశాడు. రేపటి సంతకని దాచుకున్న ఒకే ఒక్క గుడ్డ తీసుకుని బయలుదేరాడు.

నాంచారవ్వ గుడిసెలో పొయ్యి చల్లగా ఉంది. ఒక మూల రాట్నం, దాని వెనక గోడ పొడవునా కుండలు. కుండల నిండా చిలపలు, చుట్టలుగా చుట్టిన నూలు. ఎంత సన్నటి నూలు! భావనయ్య ఒక చిలప చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయాడు.

"పత్తి ఏరిన చేలల్లో మిగిలింది ఏరుకొచ్చి వడికేది" అన్నాడు బీరప్ప. "సంత దాకా నడిచే ఓపిక లేదు. ఊళ్లో కొనేవాళ్లు లేరు. నువ్వు వచ్చావని తెలిసి ఎంత సంబరపడిందో! మగ్గం ఆయనకు నూలిస్తాను, నాకింత గంజి పోస్తాడు, రెండు మాటలు చెప్పుకోవడానికి మనిషి దొరుకుతాడు అంది. మూడుసార్లు వచ్చిందట. నువ్వు ఇంట్లో లేవట కదా?"

భావనయ్య చిలపను కుండలో పెట్టి, తెచ్చిన గుడ్డ ఆమెకు కప్పాడు. పాడె భుజానికెత్తుకున్నాడు. అంత పెద్ద వయసు మనిషి, పసిపిల్లంత తేలికగా ఉంది.

వాగులో స్నానాలు చేసి ఒడ్డుకు వచ్చాక అతని గొంతు పెగిలింది.

"నేను ఇంట్లోనే ఉన్నాను, బీరప్పా. మూడుసార్లూ లోపలే ఉన్నాను."

 ఓబయ్య తడి పంచె పిండుతూ అన్నాడు:

"మేం మాత్రం ఏం చేశాం? ఆమె పొయ్యి మూడు రోజులుగా వెలగలేదని పాడె కట్టేటప్పుడు తెలిసింది మాకు."

బీరప్ప భార్య జొన్నరొట్టెలు తెచ్చింది. తిరిగి పెట్టడానికి తన దగ్గర ఏమీ లేదని భావనయ్యకు తెలుసు. అయినా చేయి చాచి తీసుకున్నాడు. తింటుంటే కళ్లనీళ్లు రొట్టె మీద పడ్డాయి.

జాతర నుంచి జనం తిరిగి వచ్చారు. నాంచారవ్వ నూలు నేతగాడికే చెందాలని పెద్దలు తేల్చారు. అప్పుడు భావనయ్య ప్రతి గడపకూ వెళ్లాడు. మొదటి ఇంటి ముందు మాట తడబడింది. రెండో ఇంటి ముందు సగమే వచ్చింది. మూడో ఇంటి ముందు పూర్తిగా చెప్పాడు.

"అమ్మా, ఒక్క ఉదయం మీ చేతులు కావాలి. పడుగు చాచాలి."

పదిమంది చాలునన్నాడు, నలభైమంది వచ్చారు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లటి పడుగు పరుచుకుంది. ఓబయ్య గంజి కాచాడు. ఆడవాళ్లు చిక్కులు తీశారు. నేత రానివాళ్లకు భావనయ్య పక్కన నిలబడి నేర్పాడు. పని అయ్యేసరికి, మాట్లాడీ మాట్లాడీ అతని గొంతు బొంగురుపోయింది.

మొదటి దుప్పట్లు ఊళ్లో చలికి వణికే ముసలివాళ్లకు ఇచ్చాడు. మిగతావి బీరప్ప బండిలో సంతకు వెళ్లాయి. మరుసటి ఏడు పది ఇళ్లలో రాట్నాలు తిరిగాయి. మూడేళ్లకు రాళ్లవాగులో నాలుగు మగ్గాలు ఆడాయి, ఆకలితో పడుకునే ఇల్లు లేకుండా పోయింది. ఏ ఇంటి పైన ఉదయం పొగ కనబడకపోయినా, ఎవరో ఒకరు వెళ్లి పలకరించి వచ్చేవారు.

భావనయ్య పేదరికం తీరింది. నాంచారవ్వను తలచుకున్నప్పుడు కలిగే బాధ మాత్రం తీరలేదు. అది తీరకూడదనే అతను అనుకునేవాడు.

లేమిలో ఉన్నవాడు సిగ్గుపడి తలుపు మూసుకోకూడదు. ఇద్దరు లేనివాళ్లు కలిస్తే, ఇద్దరికీ కలిమి కలిగే దారి దొరుకుతుంది.