తెలియని నంబరు

హైమవతి గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆమె దగ్గర పరిశోధన చేసినవాళ్ళందరికీ ఇది అనుభవమే.

ఫణీంద్ర కంప్యూటర్ చదువు చదివి, కణభౌతికశాస్త్రంలో ఆమెకు శిష్యుడయ్యాడు. ప్రోటాన్లను ఢీకొట్టించే యంత్రంలో క్షణానికి కోట్ల తాకిళ్ళు జరుగుతాయి. అన్నిటినీ దాచే చోటు ఎక్కడా లేదు. ఏది ఉంచాలో, ఏది పారేయాలో రెప్పపాటులో తేల్చే ప్రోగ్రాం అతను రాశాడు. మనకు తెలిసిన పోలికలున్నవి మిగులుతాయి, తక్కినవి జాడ లేకుండా పోతాయి. హైమవతి గారు అది చూసి, పారేసేవాటిలోంచి కళ్ళు మూసుకుని ఓ గుప్పెడు తీసి దాచమన్నారు.

"ఎందుకు మేడం? చోటు దండగ. ఆ చెత్తలో ఏముంటుంది?" అన్నాడతను. తన జల్లెడంటే అతనికి మహా మురిపెం.

ఆమె తన ఫోను అతని చేతిలో పెట్టారు. "లోను కావాలా, ప్లాటు కావాలా అని ప్రాణం తీస్తున్నారు నాయనా. తెలిసినవాళ్ళు చేస్తే తప్ప మోగకుండా చెయ్యి."

అందులో పాఠమేమీ లేదు. నిజంగానే విసిగిపోయి ఉన్నారు. అతను కూర్చున్నచోటే చేసిచ్చాడు. వృత్తిలో అలవాటు కొద్దీ, ఆపేసిన కాల్ ఆనవాలు కూడా మిగలకుండా రాశాడు.

ఫోను నోరు మూసుకుంది. క్వార్టర్సులో ఆమె ఒక్కరే ఉంటారు. మొదట్లో హాయిగానే ఉంది, తరవాత ఇల్లు మరీ బావురుమన్నట్టు అనిపించింది. ఆమె ఎదురుచూసే పిలుపు ఒకటే, చెల్లెలు అనసూయది. ఏనాడో మాట పట్టింపు వచ్చి ఇద్దరికీ మాటల్లేవు. ముందు తను చేయనని అక్క, తను చేయనని చెల్లి. అయినా చెల్లెలి నంబరు తెలిసినవాళ్ళలో ఉంది కదా, చేస్తే మోగుతుందని ఆమె ధీమా.

వానలు వెలిశాక అనసూయ కూతురు సౌమ్య ల్యాబుకే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మ పోయింది పెద్దమ్మా. ఆస్పత్రి ఫోన్లోంచి నీకు చేస్తూనే ఉంది. నువ్వు ఎత్తలేదు. అందుకే కబురు పెట్టబుద్ధి కాలేదు."

"ఏం చెప్పాలనుకుందే?"

"నాతో చెప్పమంటే చెప్పలేదు. అక్కతోనే చెబుతానంది."

సౌమ్య వెళ్ళిపోయింది. ఫణీంద్ర ఫోను అందుకుని వెతికాడు. ఏమీ లేదు. ఏమీ మిగలకుండా రాసింది తనే. అతనికి ఏడుపొచ్చింది.

"నా తప్పే మేడం."

"నేను అడిగిందే చేశావు" అన్నారామె. తరవాత కళ్ళు తుడుచుకుని, అతని ప్రోగ్రాం తెరిచి ఉన్న కంప్యూటర్‌ను తన వైపు తిప్పుకున్నారు.

"ఆ చెత్తలో ఏముంటుందని ఆ రోజు అడిగావు, ఫణీంద్రా. ఇప్పుడు అడుగు."