చాటుగుండమ్మ ఒప్పిన చాటింపు

చాటుగుండు అనగానే పొరుగూళ్లవారు ఎక్కడో దాగి ఉన్న గుండు కాబోలని పొరబడతారు. మావాళ్లు ఆ మాట వింటే ఊరుకోరు! ఇక్కడ చాటు అంటే మరుగు కాదు, చాటడం. వాగు ఒడ్డున, నలుగురూ చూసేచోట, రొమ్ము విరుచుకొని నిలిచిన గుండు ఇది. ఈ గుండునే మేము చాటుగుండమ్మగా కొలుస్తాం. ఆమె గుడిలో గంట లేదు, డప్పు ఉంది.

పూర్వం ఇక్కడ గడీ దొర మాటను ఊరికి చాటే పని దుబ్బవ్వది. తండ్రి పోయాక డప్పుతో పాటు ఆ పనీ ఆమెకు వచ్చింది. దరువు వేసి చాటిన మాటను ఎవరూ వెనక్కి తీసుకోరాదు. వినలేదని రైతులు తప్పించుకోకుండా దొర తాతలే పెట్టుకున్న కట్టుబాటు అది. ఊరంతా వెట్టికి రావాలన్న చాటింపు వేసిన మరునాడే ఆమెకు మళ్లీ గడీ నుంచి పిలుపు వచ్చింది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. ఉన్న వాగునీరంతా తన పొలాలకేనని దొర తూము మూయించి, ఆ మాట చాటి రమ్మన్నాడు. దుబ్బవ్వ డప్పు భుజాన వేసుకొని వాగు ఒడ్డుకు నడిచింది. చాటితే తన వాడ నారుమళ్లు తన నోటితోనే ఎండిపోతాయి. చాటకపోతే వీపు చిట్లుతుంది. గుండు నీడన మంట సెగకు డప్పు కాచుకుంటూ కునుకు తీయగా, అమ్మవారు కలలో కనిపించి, "కొట్టమన్నది దొర, సరే. నోరు ఎవరిది బిడ్డా?" అని అడిగింది.

దుబ్బవ్వ దిగ్గున లేచింది. ఊరంతా గుండు దగ్గర కూడాక దరువెత్తుకుంది.

"వాన దొర గడీ మీదనే కురిసెనా?
వాగు దొర వాకిట్లనే పుట్టెనా?
నారు ఎండినా నోరు ఎండదు!
వాగు నీళ్లు ఊరందరియి, వినుండ్రి!"

దొర ఉరికివచ్చి డప్పు గుంజుకొని చింపేశాడు. "చెల్లదు! ఈ చాటింపు చెల్లదు!" అని అరిచాడు. దుబ్బవ్వ అరచేత్తో గుండును చరిచింది. ఏమి మహిమ! రాయి డప్పులా మోగింది.

"ఇది చెల్లకుంటే నిన్నటి వెట్టి చాటింపు సుత చెల్లదు దొరా! ఏది గావాలె?" అంది.

ఊరు గొల్లున నవ్వింది. పొద్దు గుంకకముందే తూము తెరుచుకుంది.

గుండు మీద ఆమె అరచేతి గుర్తు నేటికీ ఉంది, పసుపు దానికే పూస్తారు. జాతరనాడు దుబ్బవ్వ వంశపు ఆడపడుచు తొలి దరువు వేసి, ఆ ఏటి అన్యాయాలను కైగట్టి, పాటగా అల్లి చెబుతుంది. ఎంతటి పదవిలో ఉన్నవారైనా నేల మీద కూర్చొని వినవలసిందే. మొన్నటి జాతరలో కుర్చీ అడిగిన పెద్దమనిషి, పాపం, చివరిదాకా నిలబడే విన్నాడు!

డప్పు కొట్టి తమ బాధను నలుగురికీ వినబడేలా చెప్పుకున్నవారిని అమ్మ చల్లగా చూస్తుంది. గుసగుసగా మాత్రం మొక్కకండి. చాటుగుండమ్మకు గుసగుసలు వినపడవు.