స్నూహెల్లా: వెనుదిరుగు బండ మహిమ

నార్వే దేశపు పడమటి కొండలలో, ఎర్లాదాల్ అనే లోయకు ఎగువన, సముద్రమట్టానికి సుమారు వెయ్యిన్నూట యాభై మీటర్ల ఎత్తున స్నూహెల్లా అనే పలక బండ ఉన్నది. ఆ ప్రాంతపు భాషలో 'స్నూ' అంటే వెనుదిరగడం, 'హెల్లా' అంటే పలకరాయి. బండ పొడవు రెండు మంచాలంత, ఎత్తు మోకాటి వరకు. దానికి కప్పు లేదు, ప్రాకారం లేదు. తూర్పు అంచున పక్కపక్కన చెక్కిన రెండు గీతలు కొంత దూరం పైకి వెళ్ళి, గుండ్రంగా వంగి, మళ్ళీ కిందికి దిగుతాయి. ఈ క్షేత్రానికి వేరే విగ్రహం లేదు.

శీతాకాలంలో ఇక్కడికి స్కీల మీదనే రావాలి. లోయలో రోడ్డు ఆగిపోయిన చోట యాత్రికులు స్కీల అడుగున బొచ్చు పట్టీలు అంటించుకుని, వెనక్కి జారకుండా మూడు గంటలపాటు ఎక్కుతారు. దారి పొడవునా మంచులో గుచ్చిన బిర్చ్ చెట్టు కొమ్మలే ఆనవాళ్ళు. వేసవిలో కాలినడకన రావచ్చు. అప్పుడు రాళ్ళ గుట్టల మీద ఎర్రరంగు గుర్తులు దారి చూపుతాయి. బండ దాటగానే నునుపైన పెద్ద వాలు, వాలు కింద ఒక సరస్సు, వాలుకు ఆవల కొండ భుజం మీద పునీతురాలైన తూరా గుడి శిథిలాలు కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవారికి ఆ గుడే క్షేత్రమనీ, ఈ బండ దారిలో ఒక మజిలీ అనీ తోచడం సహజం. లోయవారి లెక్కలో అది తలకిందులు. అలా ఎందుకైనదో వారు చెప్పుకునే వృత్తాంతం ఇది.

పూర్వం ఇక్కడ, ఆ దేశంలో పునీతుల ఆరాధన సాగుతున్న కాలంలో, మార్చి నెలాఖరున తూరా పండుగ జరిగేది. ఎర్లాదాల్ జనం మంచు చెక్కలు కట్టుకుని, కొండ దాటి, గుడి తలుపు చేత్తో తాకి వచ్చేవారు. తలుపు తాకితేనే మొక్కు చెల్లినట్టు. ఆనాటి మంచు చెక్కలు నేటి స్కీల వంటివి కావు. ఎడమకాలికి జారడానికి పొడవాటి చెక్క, కుడికాలికి నేలను తన్నడానికి తోలు అంటించిన పొట్టి చెక్క, చేతిలో ఒకే కర్ర ఉండేవి.

ఈ యాత్రకు ముందు నడిచే హక్కు ఒక కుటుంబానికి వంశపారంపర్యంగా ఉండేది. ఆ కుటుంబంలో ఐవిన్ అనేవాడు ఇరవై రెండేళ్ళు జనాన్ని నడిపించాడు. ఒక్క ఏడూ దారి తప్పలేదు, ఒక్క మనిషినీ పోగొట్టుకోలేదు. "మా తాత వెనక్కి తిరగలేదు, మా నాయన తిరగలేదు. నా చెక్కలకు ఆ విద్య రాదు" అని చెప్పుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు గనుక జనం కూడా ఆ మాటను గౌరవంగానే తలచేవారు.

అదే లోయలో స్టైనార్ అనే పడవ వడ్రంగి, అతని భార్య గున్వర్ నివసించేవారు. వారికి సిగ్రి అని ఒక్కతే కూతురు. ఆ పిల్లకు అయిదేళ్ళు నిండిన చలికాలంలో స్టైనార్ ఆమెను మంచు మీద లాగే బల్లబండి మీద కూర్చోబెట్టుకుని, కొండకు ఆవల ఉన్న అమ్మమ్మ ఇంటికి బయలుదేరాడు. ఆ సాయంత్రమే ఒక వేటగాడు దుప్పుల జాడ వెతుకుతూ పైకి వచ్చి, పలక బండ మీద తండ్రి గొర్రెతోలు కోటు చుట్టుకుని ఒంటరిగా కూర్చున్న పిల్లను చూశాడు. బల్లబండి పక్కనే ఉంది. తండ్రి లేడు. అప్పటికే కొత్త మంచు, గాలి కలిసి అడుగుజాడలన్నీ మూసివేశాయి. పిల్లను ఎంత అడిగినా పెదవి కదపలేదు. ఆ రోజు నుంచి సిగ్రికి మాట పోయింది.

జనం మూడు రోజులు వెతికారు. వాలు మీద మంచు జారి స్టైనార్‌ను కప్పివేసిందేమోనని గున్వర్ అడిగింది. ఐవిన్ తల అడ్డంగా ఊపాడు.

"ఆ వాలు జారేది కాదు, చెల్లెమ్మా. మా తాత కాలం నుంచి ఎరుగుదును."

ఐవిన్ చెప్పాక ఇక వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది. మంచు కింద లేకపోతే మనిషి ఎక్కడికి పోయినట్టు? స్టైనార్ అంతకుముందు రెండు మూడుసార్లు సముద్రతీరానికి పోయి చేపల పడవల్లో పని చూసుకోవాలని అన్న మాట కొందరికి గుర్తొచ్చింది. పిల్లను బండ మీద వదిలి తీరానికి పారిపోయాడనీ, చేసిన తప్పుకు భయపడి కోటు మాత్రం కప్పి పోయాడనీ లోయంతా నిశ్చయమైంది. గున్వర్ ఎవరితోనూ వాదించలేదు. ప్రార్థనకు వెళ్ళినప్పుడు వెనుక బల్ల మీద కూర్చోవడం అలవాటు చేసుకుంది.

మరుసటి ఏడు, పిల్లకు మాట రావాలని, తూరా గుడి తలుపు తాకుతానని ఆమె మొక్కుకుంది. పండుగనాడు సిగ్రిని బల్లబండి మీద ఎక్కించుకుని యాత్రలో కలిసింది. ఆ ఏడు ఐవిన్ వెంట పందొమ్మిది మంది బయలుదేరారు. ఆకాశం తేటగా ఉంది. ముందురోజు వరకు రెండు రోజులు గాలి వీచి, వాలు మీద మంచు మెత్తగా, అందంగా పేరుకుని ఉంది.

బండ దగ్గరికి చేరి ఐవిన్ వాలు వైపు పది అడుగులు వేశాడు. అతని చెక్కల కింద మంచు ఒక్కసారి 'ధబ్'మని లోలోపల కుంగింది. తలుపు వేసిన గదిలో బస్తా పడితే బయటివారికి వినిపించే చప్పుడు వంటిది అది. ఐవిన్ ఆ చప్పుడు అంతకుముందు కూడా ఒకటి రెండుసార్లు విన్నాడు. పట్టించుకోలేదు. ఈసారి కూడా మరో అడుగు వేయబోయాడు.

అంతలో సిగ్రి బల్లబండి దిగి, నడుము లోతు మంచులో పాకుతూ వచ్చి, అతని కర్రను రెండు చేతులా పట్టుకుంది.

"పోవద్దు. నాన్న పోయినప్పుడు కూడా ఇలాగే చప్పుడైంది."

ఏడాదిపాటు పలకని గొంతు గనుక మాట బొంగురుగా వచ్చింది. గున్వర్ మంచులో పడుతూ లేస్తూ పిల్ల దగ్గరికి చేరింది. "ఏమన్నావు తల్లీ? మళ్ళీ చెప్పు" అన్నది.

"నాన్న నన్ను ఈ రాయి మీద కూర్చోబెట్టాడు. కోటు విప్పి కప్పాడు. వాలు చూసి వస్తాను, చెయ్యి ఊపితే అప్పుడు రా అన్నాడు. చెయ్యి ఊపలేదు. కొండ కిందికి వచ్చేసింది."

హారల్ అనే మోతుబరి ముందుకు వచ్చాడు. గొడ్లు, పచ్చిక బీళ్ళు బాగా ఉన్నవాడు, మాట చెల్లేవాడు.

"ఆరేళ్ళ పిల్ల మాటకు పండుగ మానుకుంటామా? ఆ వాలు జారదని చెప్పింది నువ్వే కదా ఐవిన్!"

ఐవిన్ పిల్ల చేతుల్లో ఉన్న కర్రను లాక్కోలేదు. "చెప్పింది నేనే" అన్నాడు. "తెలిసి చెప్పలేదు, పొగరుకొద్దీ చెప్పాను. నా మాట మూలంగా ఒక మంచివాడికి ఏడాదిగా పారిపోయినవాడనే పేరు పడింది. నేను వెనక్కి తిరుగుతున్నాను. వచ్చేవాళ్ళు నాతో రండి."

పదకొండు మంది అతని వెంట దిగారు. హారల్ మరో ఏడుగురిని వెంటబెట్టుకుని వాలు దాటాడు. ఆ రోజు వాలు జారలేదు. వారు గుడి తలుపు తాకి, కొవ్వొత్తులు వెలిగించి, మరునాడు అదే దారిన క్షేమంగా తిరిగివచ్చారు.

ఇక్కడ కొందరు కథ మార్చి, వెళ్ళినవారంతా మంచులో కూరుకుపోయారని చెబుతారు. అది నిజం కాదు. వారు సురక్షితంగా రావడం వల్లనే ఐవిన్‌కు కష్టకాలం మొదలైంది. పిరికివాడన్నారు. ముసలితనం వచ్చిందన్నారు. మొగుడి మచ్చ చెరపడానికి గున్వరే పిల్లకు మాటలు నేర్పి మూగదానిలా ఉంచిందని కూడా అన్నారు. లోయ పెద్దలు సమావేశమై, ముందు నడిచే హక్కుకు గుర్తుగా ఐవిన్ ఇంట మూడు తరాలుగా ఉన్న దారికర్రను తీసుకుని హారల్‌కు ఇచ్చారు. ఐవిన్ దానిని స్వయంగా తుడిచి అప్పగించాడు.

జూలై నెలలో కొండ మీద మంచు కరిగాక ఐవిన్ గున్వర్ ఇంటికి వచ్చి, గడప బయటే నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, స్టైనార్‌ను వెతకడానికి పోతున్నాను. నువ్వు రానక్కరలేదు. నీకు చెప్పి పోవాలని వచ్చాను."

"నేనూ వస్తాను అన్నా. అది వద్దన్నా ఆగదు" అని ఆమె కూతురి వైపు చూపింది.

ముగ్గురూ రొట్టెలు, ఎండు మాంసం మూటకట్టుకుని కాలినడకన కొండ ఎక్కారు. వాలు అడుగున, సరస్సు ఒడ్డు వెంబడి, రాళ్ళ మధ్య మిగిలిన మురికి మంచు గుట్టలను ఒక్కొక్కటిగా తవ్వి చూశారు. మూడు రోజులు ఏమీ దొరకలేదు. నాలుగోనాటి మధ్యాహ్నం, నీటి అంచున ఒక మంచు గుట్టలోంచి పొడవాటి చెక్క కొస బయటికి కనిపించింది. దాని పక్కనే స్టైనార్ ఉన్నాడు. ఒంటి మీద ఉన్ని చొక్కా తప్ప కోటు లేదు. కుడిచేయి తల పైకి చాచి ఉంది. ఆ చేయి ఊపడానికి ఎత్తినదో, మంచును ఆపడానికి ఎత్తినదో ఎవరూ చెప్పలేరు.

గున్వర్ చాలాసేపు అతని పక్కన కూర్చుంది. తరువాత ఐవిన్‌తో, "వీళ్ళ నాన్న ఎక్కడికీ పోలేదన్నా" అని మాత్రం అన్నది. ఐవిన్ ఆమె కాళ్ళ దగ్గర రాళ్ళ మీద మోకరిల్లి క్షమించమన్నాడు. దిగి వచ్చేటప్పుడు, ఇరుకు చోట, ఆమె తన చేయి అందించి అతన్ని దాటించింది. అదే జవాబుగా అతడు గ్రహించాడు.

శవాన్ని మోయడానికి లోయ నుంచి మనుషులు వచ్చారు. వారిలో హారల్ మొదటివాడు. వాలు కింద పేరుకున్న పాత మంచును, అందులో విరిగి కూరుకున్న పొదలను చూసి, తాను మార్చిలో దేని మీద నడిచి వెళ్ళాడో అతనికి తెలిసింది. పాడె ముందు కొమ్ము దారి పొడవునా అతడే మోశాడు, మార్చుకోనివ్వలేదు. ఖననం అయిన మరునాడు దారికర్రను ఐవిన్ గుమ్మానికి ఆనించి, తలుపు తట్టకుండా వెళ్ళిపోయాడు.

గున్వర్‌కు ఒక చింత మిగిలింది. పిల్లకు మాట వచ్చింది, తాను మాత్రం తలుపు తాకలేదు. బోతాల్ అనే వృద్ధ గురువును అడిగితే, మొక్కు మొక్కేననీ, తలుపు దాకా పోవలసిందేననీ చెప్పాడు. ఆమె తలవంచి, వచ్చే పండుగకు పోతానని ఒప్పుకుంది.

అటు తరువాతి ఆదివారం ప్రార్థన ముగిసి జనం వెళ్ళిపోయాక, గురువు లోయలోని గుడి బల్ల మీద కూర్చుని కునుకు తీశాడు. అప్పుడు ఆయనకు స్వప్నంలో పలక బండ కనిపించింది. దాని పక్కన భుజాల మీద మంచు పేరుకున్న ఒక స్త్రీ నిలబడి ఉంది. ఆమె కోపంగా లేదు, చిరునవ్వుతోనూ లేదు.

"నా తలుపు దాకా రమ్మని నేను ఎవరిని అడిగాను?" అన్నది. "ఆ పిల్ల నోరు విప్పినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. ఇక్కడిదాకా వచ్చి, తిరిగి ఇల్లు చేరినవారి మొక్కు నాకు చెల్లింది. ఆ మాట వారికి చెప్పు."

గురువు మేలుకొని, డెబ్బై ఏళ్ళ వయసులో ఉలి, సుత్తి సంచిలో వేసుకుని కొండ ఎక్కాడు. బండ మీద వెళ్ళి తిరిగివచ్చే చెక్కల జాడను తన చేతులతో చెక్కాడు. గీతలు కొంచెం వంకరగా ఉండడానికి కారణం అదే. ఆనాటి నుంచి ఆ బండకు స్నూహెల్లా అనే పేరు నిలిచింది. గున్వర్ బతికినన్నాళ్ళూ ప్రతి పండుగకూ బండ వరకు వచ్చి తిరిగిపోయేది. ఐవిన్ అనంతరం దారికర్ర సిగ్రి చేతికి వచ్చింది. ఆమె చాలా మాటకారి అయిందనీ, దారి పొడవునా ఆమె కబుర్లు ఆపడం ఎవరి తరమూ కాలేదనీ చెబుతారు.

తరువాతి కాలంలో ఆ దేశపు మతాచారాలు మారాయి. పునీతుల పూజ ఆగిపోయింది, తూరా గుడి పైకప్పు కూలింది. బండ దగ్గరి ఆచారాన్ని మాత్రం ఎవరూ ఆపలేదు.

ఇప్పటికీ మార్చి చివరి శనివారం నాడు స్కీ యాత్రికులు, లోయ రైతులు, చుట్టుపక్కల పట్టణాల నుంచి వచ్చే కుటుంబాలు బండ దగ్గర గుమికూడతారు. దారి చూపేవారు వాలుకు వీపు పెట్టి నిలబడి, "ఎవరికైనా తిరగాలని ఉందా?" అని మూడుసార్లు అడుగుతారు. "నేను తిరుగుతాను" అని ముందుగా అన్నవారికి అందరూ వచ్చి చేయి కలిపి కృతజ్ఞతలు చెబుతారు. కారణం అడగడం ఇక్కడ దోషం. కింద విడిదిలో పుల్లమీగడతో కాచిన వేడి జావ తొలి గిన్నె వారిదే. ఎవరూ అనని ఏడాది దారి చూపేవారే ఆ మాట అని, యాత్రను అక్కడితో ముగిస్తారు. వాతావరణం, మంచు స్థితి అనుకూలంగా ఉన్న రోజుల్లో ముందుకు వెళ్ళేవారు వెళ్ళవచ్చు, అందుకు నిషేధం లేదు. అయితే గుడి శిథిలాలను చూసి వచ్చినవారికి అదనపు ఫలమేదీ చెప్పబడలేదు.

భయం పుట్టినప్పుడు దానిని పైకి చెప్పగల ధైర్యం, చెప్పినవారి మాట వినగల వినయం ఈ బండను తాకినవారికి కలుగుతాయని లోయవారి విశ్వాసం. మాట ఆలస్యమైన పిల్లలను తెచ్చి బండ మీద కాసేపు కూర్చోబెట్టడం కూడా వాడుకలో ఉంది. ఇక్కడ వెనుదిరిగినవారికి యాత్ర ఫలం పూర్తిగా దక్కుతుంది. అందులో సగం, ఇంటి దగ్గర వారి కోసం పొయ్యి మీద నీళ్ళు పెట్టి కూర్చున్నవారికి చెందుతుంది.