పసుపు దారం కట్టిన బాతులు

తుంగమడుగులో లక్ష బాతులున్నాయనీ, ఎన్ని కొట్టినా తరగవనీ వేటనాయకుడు భైరవుడు రాజుగారిని నమ్మించాడు. దాంతో రోజూ వేటే. గట్టున తుంగ కోసి చాపలల్లుకునే నూకాలు, "పిట్టలు అడుగంటిపోతున్నాయి, దొరా" అని మొత్తుకుంటే భైరవుడు నవ్వి పొమ్మన్నాడు.

నూకాలు వల వేసి అరవై బాతుల్ని పట్టింది. కాళ్ళకి పసుపు దారాలు కట్టి మళ్ళీ మడుగులోకి వదిలేసింది.

వారం తర్వాత భైరవుడు ముప్పై బాతుల్ని కొట్టుకొచ్చి రాజుగారి ముందు పరిచాడు. అందులో పదింటి కాళ్ళకి పసుపు దారాలున్నాయి. "ఇవెవరు కట్టారు?" అని రాజుగారు ఆరా తీసి నూకాలుని పిలిపించారు.

"నేనే, మారాజా. కట్టింది అరవైకే. మడుగులో లక్ష ఉంటే ఆ అరవై ఎక్కడ కలిసిపోయేవో! మూడింట ఒకదానికి నా దారం ఉందంటే, అన్నీ కలిపినా రెండొందలు ఉండవు."

రాజుగారు భైరవుడి వైపు తిరిగారు. "నువ్వు చెప్పిన లక్ష అయ్యేదాకా విల్లు ముట్టకు. ఎన్నయ్యాయో నూకాలే చెబుతుంది."

ఏళ్ళు గడిచాయి. మడుగంతా బాతుల సందడే. "లక్షయ్యాయా?" అని భైరవుడు వచ్చి అడిగినప్పుడల్లా, నూకాలు చాప అల్లుతూనే తాపీగా అంటుంది: "ఇంకా కాస్త తక్కువ, దొరా."