కాకిమావ జోలపాట

ఏటిగట్టున వంగిన ఈతచెట్టుకి ఓ గిజిగాడి గూడు వేలాడుతుండేది. ఎంత గట్టి గూడనుకున్నారు! తుఫానొచ్చి చెట్టు వేళ్ళతో సహా లేచి పక్క జిల్లాలో పడినా, గూడు మాత్రం గాల్లో అక్కడే ఊగుతూ ఉంటుంది. నమ్మకపోతే తుఫాన్నే అడగండి. గూట్లోకి దారిగా కిందికి దిగిన గొట్టం ఏనుగు తొండమంత పొడవు. కాకి తన ముక్కు ఎంత సాగదీసినా లోపలి పిల్ల ఈక కూడా అందదు.

లోపల ఉన్నది ఒక్కటే పిల్ల. ఒళ్ళంతా మెత్తని నూగు, అందుకే తల్లి నూగయ్య అని పిలుచుకునేది. మిడతల కోసం చేలన్నీ తిరిగొచ్చేసరికి పాపం ఆ తల్లికి రెక్కలు పడిపోయేవి.

"ఏమయ్యా, నేను మేతకి పోయినప్పుడు గొట్టం దగ్గర కూర్చుని పిల్లాణ్ణి కాస్త పలకరించకూడదా?"

గిజిగాడు పక్క మట్టన ఇంకో గూడు అల్లుతూ నవ్వాడు. "మన వంశంలో మగాడు అల్లుతాడు, ఆడది సాకుతుంది. మా నాన్న గొంతు ఎలా ఉంటుందో నాకే తెలీదు. నేను పెరగలేదూ?"

"పెరిగావులే, తాటిచెట్టంత!"

పక్క చెట్టు తొర్రలోంచి ముసలి గుడ్లగూబ తల బయటపెట్టింది. "ఒరే అబ్బాయ్, ఈ గట్టు మీద గూళ్ళన్నీ చూస్తూనే ముసలిదాన్నయ్యాను. ఆ పావురాల్ని చూడు, ఆలూమగలు వంతులేసుకుని సాకుతారు. వాటి పిల్లలు ఎంత ధైర్యంగా ఎగురుతాయో! రెక్కలు రాకముందు విన్న గొంతునే పిల్లలు నమ్ముతాయిరా."

"అవ్వా, నీకు పగలు కళ్ళు కనపడవు. పడుకో."

ఇదంతా విన్న కాకి మెల్లగా వచ్చి వాలింది. "ఆహా, ఏం గూడు బావా! ఇంద్రభవనం దీని ముందు కూలిన పాక!"

"నీ ముక్కు మాత్రం దూరదులే," అన్నాడు గిజిగాడు.

"దూరిస్తే నా ముక్కే విరుగుతుంది. పిల్లాడు ఒంటరిగా ఏడుస్తుంటే కడుపు తరుక్కుపోయి వచ్చా. కింద కూర్చుని రెండు మాటలు చెప్పి పోతా."

"చెప్పుకో. నాకూ ఆ ఏడుపు గోల తప్పుతుంది. గొట్టం ఉందిగా!"

ఆ రోజు నుంచి తల్లి అటు వెళ్ళడం, కాకి ఇటు రావడం.

"నూగయ్యా, తిన్నావా?"

"తిన్నా మావా. పచ్చపురుగు."

"పొట్ట నిండిందా? అయితే జోలపాట పాడనా?"

కాకి జోలపాట! ఆ పాటకి ఏట్లో కప్పలు కాపురాలెత్తేసి వేరే ఊరు పోయాయి. నూగయ్యకి మాత్రం అంతకంటే తీయని గొంతు లోకంలో లేదు. మావ పాడితేనే నిద్ర, మావ పలికితేనే తెల్లవారడం.

పిల్లాడికి రెక్కలు మొలిచాయి, ఒంట్లో కండ పట్టింది. కాకి ఎదురుచూస్తున్నది అందుకే.

"నూగయ్యా, పాలకంకి తెచ్చా. గొట్టం చివరికి జారు నాయనా."

పక్క మట్టన గిజిగాడు తలెత్తాడు. గొట్టం కింద కాకి నోరు తెరుచుకుని ఉంది. గిజిగాడి నోట్లోని నార జారిపోయింది. పిల్ల పేరు పిలవబోతే నాలుకకి రాలేదు. రోజూ చెవిన పడుతున్నా ఎప్పుడు పట్టించుకున్నాడు గనక!

"ఒరేయ్! రాకు! వెనక్కి పో!"

ఆ అరుపుకి ఏటి అవతలి కొండ ఉలిక్కిపడింది. లోపల పిల్లాడు గొట్టం వైపు జరిగాడు.

"మావా! ఎవరో అరుస్తున్నారు! భయమేస్తోంది!"

"అయ్యో తండ్రీ, నా దగ్గరికి వచ్చెయ్."

వచ్చేశాడు.

ఈ ఒక్కచోట మాత్రం పెంచి చెప్పడానికి నాకేమీ లేదు.

తల్లి మిడతతో తిరిగొచ్చింది. గొట్టం అంచున రెండు నూగు ఈకలు చూసి "నూగయ్యా!" అని కుప్పకూలింది. అప్పుడు చెవికెక్కింది తండ్రికి, తన కొడుకు పేరు.

దూరపు కొమ్మ మీంచి కాకి ముక్కు తుడుచుకుంటూ అరిచింది. "బావా, నీ గూట్లో ఒక్క పోగు తెగలేదు, చూసుకో!"

ఆ తర్వాత గిజిగాడు అల్లడం మానేశాడు. రోజూ ఆ గొట్టం దగ్గర కూర్చుని, "నూగయ్యా, తిన్నావా నాన్నా?" అంటాడు. గూట్లోంచి గాలి తప్ప ఏదీ పలకదు.

గూడు ఎంత గట్టిగా అల్లినా, పిల్లకి తెలియని తండ్రి గొంతు ఆపదలో పరాయి గొంతే.