ఒకే చోట రెండు కొసలు

నీలవేణి తయారుచేసిన యాంప్లిఫయరు నూరు ఆంపియర్ల కరెంటును కన్ను మూసి తెరిచేలోగా వేలసార్లు ఎక్కించి దించుతుంది. మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో తేల్చే ల్యాబుకి అలాంటిదే కావాలి. కానీ కరెంటు ఎక్కిన ప్రతిసారీ దాన్ని గీతగా చూపే స్కోపు తెరమీద గీత అంచున ఒక ముల్లు లేస్తోంది.

ఆరు నెలలుగా ఆ ముల్లుతోనే ఆమె కాపురం. కెపాసిటర్లు అతికించి వేగం తగ్గిస్తే ముల్లు తగ్గుతుంది. వేగమే లేకపోతే ఇక ఆ యంత్రం దేనికి? యంత్రాన్ని పరీక్షించడానికి ఎల్లుండి కమిటీ వస్తోంది. ఒప్పుకోకపోతే దీన్ని మూలన పడేసి, విదేశీ యంత్రం తెప్పిస్తారు.

ఆమెకు పని నేర్పింది ఆ ల్యాబులోనే ముప్పయ్యేళ్లుగా ఉన్న వలీ మాస్టారు. నేరుగా ఆయన దగ్గరికే వెళ్లింది.

“నా డిజైన్లో తప్పెక్కడుంది మాస్టారూ? ఉంటే ఉందనండి, లేకపోతే లేదనండి. నాకు ఓదార్పు వద్దు.”

మాస్టారు డిజైను కాగితాలు ముట్టుకోలేదు. స్కోపు ప్రోబుకి రెండు కొసలు. ఒకటి సూది, ఇంకోటి జానెడు వైరు చివరున్న క్లిప్పు. కరెంటును కొలిచే రేకుకి వాటిని చెరోవైపు పెట్టాలి. ఆయన రెండూ ఒకే చోట పెట్టి, యాంప్లిఫయరు ఆన్ చేశారు.

ముల్లు లేచింది.

నీలవేణి ఆ కొసల్ని తనే ఇంకోసారి ఒకే చోట పెట్టి చూసింది. మాస్టారు టీకి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రంలోగా తను అతికించిన కెపాసిటర్లన్నీ పీకి పారేసింది.

కమిటీ రోజున వాళ్ల ఇంజనీరు తన ప్రోబు తగిలించాడు. కెపాసిటర్లు లేని వేగానికి ముల్లు మునుపటికంటే పొడుగ్గా లేచింది. చైర్మన్ పురుషోత్తం గారు ‘పనికిరాదు’ అని రాసి కాగితం ఆమెవైపు తోశారు.

“సంతకం పెట్టమ్మా. ఇది మనవల్ల అయ్యే పని కాదని మొదట్లోనే చెప్పాను.”

“పెట్టను సార్.”

ఇంజనీరు చేతిలోంచి ప్రోబు తీసుకుని, రెండు కొసలూ ఒకే చోట పెట్టింది. ముల్లు అక్కడే ఉంది.

“ఇప్పుడు ఎంత చూపించాలండీ?”

ఇంజనీరు చైర్మన్ వంక చూడకుండా అన్నాడు. “సున్నా.”

“మరి ఆ ముల్లు నా యంత్రానిదా, మీ వైరుదా? నూరు ఆంపియర్ల పక్కన జానెడు వైరు వేలాడదీసి, అది గాల్లోంచి పట్టుకున్న చెత్తంతా నా నెత్తిన రుద్దుతారా?”

ఆ వైరు ఊడదీసి, దాని బదులు ప్రోబు మూతికి అరంగుళం స్ప్రింగు తొడిగింది. కొసలు రేకుకి చెరోవైపు ఆనించింది. గీత నిటారుగా ఎక్కి, చదునుగా నిలబడింది. ముల్లు లేదు.

చైర్మన్ మొహం ఎర్రబడింది. “ఇంత పొగరు ఎవరు నేర్పారమ్మా నీకు?”

గుమ్మం దగ్గర టీ గ్లాసుతో నిలబడ్డ వలీ మాస్టారు అందుకున్నారు.

“పొగరు అమ్మాయి సొంతం సార్. ముందు సున్నా చూసుకోమని మాత్రం నేనే నేర్పాను.”