అద్దంలో పేరంటం

ఆ ఊళ్ళో ఇంటికో అద్దం ఉంది, అరచేతంతది. అందులో ఎవరి మొహం వాళ్ళు చూసుకుంటారు, విసుగేస్తే పక్కింటివాళ్ళ పెళ్ళిళ్ళు చూస్తారు. కాస్త పక్కకి వంచితే ఒక వీధి కనిపిస్తుంది. ఇరువైపులా ఇళ్ళు, ఒక్క తలుపూ వేసి ఉండదు. అయినా ఆ ఊరివాళ్ళెవరూ ఆ గడప తొక్కలేదు. తొక్కుతారా మరి? ఎవరూ వచ్చి బొట్టు పెట్టి పిలవలేదాయె. మగవాళ్ళు శుభలేఖైనా రాలేదన్నారు. అంత పరువు గల ఊరు.

ఆ ఊరి పంతులమ్మకి చిక్కొచ్చిపడింది. రాజుగారి మనిషి బడికొచ్చి, సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుందని పిల్లల్ని అడిగాడు. పిల్లలు పంతులమ్మ వైపు చూశారు, పంతులమ్మ ఇంటికప్పు వైపు చూసింది. రేపు మధ్యాహ్నంలోగా జవాబు రాకపోతే బడి ఖాళీ చేయించి రాజుగారి నెమళ్ళని పెట్టుకుంటామని చెప్పి అతను వెళ్ళిపోయాడు. బడిలో ఉన్న పుస్తకమల్లా ఒక్కటే, అదీ సగం చెదలు తినేసింది. ఇరవై రెండేళ్ళుగా నడిపిన బడి. ఆవిడకి ఏడుపొచ్చింది.

తెల్లారగానే ఊరికి పెద్దదిక్కయిన ముత్తైదువ దగ్గరికెళ్ళి, ఆ వీధిలో అడిగొస్తానంది. పిలవని పేరంటానికి పోవడమా అని ముత్తైదువ బుగ్గలు నొక్కుకుని, నాలుగు చీవాట్లు పెట్టింది. పంతులమ్మ బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి అద్దం వంచింది. పరువు పోతే పోయింది, బడి పోతే ఎలా అనుకుని కాలు లోపల పెట్టేసింది.

ఇక చూడండి! మొదటింట్లో మాటలున్నాయి, ఒక్కో మాటకీ తాతముత్తాతల పేర్లతో సహా. రెండో ఇంట్లో గోడల నిండా దేశపటాలు. ఇంకో ఇంట్లో చీమ మోకాళ్ళు ఎలా మడుస్తుందో చూపిస్తున్నారు. నువ్వెవరివని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. ఎంత కావాలంటే అంత పట్టుకెళ్ళమంటారు, ఎంత పట్టుకెళ్ళినా అక్కడ తరగదు. పంతులమ్మ చిన్నపిల్లలా గంతులేసింది. కొంగు నింపుకుంది, చాలక చీర కుచ్చిళ్ళు కూడా పట్టింది. నక్షత్రాలింట్లో నోరు తెరుచుకుని నిలబడ్డాక గుర్తొచ్చింది, అమ్మో ఉప్పు!

పరిగెత్తింది. ఒకింట్లో ముసలాయన చెప్పాడు: వాన రాళ్ళలోని ఉప్పుని కడుగుతుంది, నదులు ఆ ఉప్పుని మోసుకెళ్ళి సముద్రంలో పోస్తాయి, నీళ్ళు ఆవిరై పోతాయి, ఉప్పు ఉండిపోతుంది. ఎంతైనా పంతులమ్మ కదా, మరో రెండిళ్ళలో అడిగి సరిచూసుకుంది.

మధ్యాహ్నం పిల్లలు ఒక్క గొంతుతో జవాబు చెప్పారు. రాజుగారి మనిషి మొహం మాడ్చుకుని, వెంట తెచ్చిన నెమళ్ళని తోలుకుపోయాడు. ఊరు సంతోషించొద్దూ? నిన్నెవరు పిలిచారని నిలదీసింది. పంతులమ్మ కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, మగవాళ్ళకి దణ్ణం పెట్టి, అద్దంలో వీధికి రమ్మంది. చివరికి ముత్తైదువ గుమ్మం ఎక్కింది. ఆవిడ నుదురు ముందుకు వంచలేదు.

"ఇంతకీ పేరంటం ఎవరింట్లో?"

"మీ ఇంట్లోనే పిన్నిగారూ. అద్దం మీదైతే అందులో వీధీ మీదేగా. ఇంటావిడ ఇంకా రాలేదేమని అందరూ ఎదురుచూస్తున్నారు."

ముత్తైదువకి గుండె గుభేలుమంది. ఇన్నేళ్ళూ తనింటికి జనమొచ్చి కూర్చుంటే, తను బయట నిలబడి చూసిందన్నమాట. సిగ్గుతో చచ్చిపోయింది. కాళ్ళకి పసుపైనా రాసుకోకుండా అద్దం వైపు పరుగు తీసింది.